నారింజ స్టాంపులు, నీలం స్టాంపులు

అమెరికాలో మనవాళ్ళ వారాంతపు విందుల్లో, రెండో వడ్డన అయి పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి, ఎవరో ఒకరు తప్పకుండా టాక్సుల ప్రస్తావన తెస్తారు. అక్కణ్ణుంచి మాట ఫుడ్ స్టాంపుల మీదికి మళ్ళుతుంది. "మనం కష్టపడి కడుతుంటే వాళ్ళని కూర్చోబెట్టి మేపుతున్నారండీ" అని ఒకాయన అంటాడు. పక్కనే ఉన్నాయన "మన రెండు రూపాయల బియ్యం లాంటిదే కదా" అంటాడు. ఇంకొకరు కొట్లో తన ముందు నిలబడ్డ ఆవిడ కార్డు గీకి ఏమేం కొన్నదో వర్ణిస్తారు. ఆ తర్వాత క్రికెట్టు.

ఎవరి వాదన నెగ్గిందన్నది అలా ఉంచితే, ఈ స్టాంపులు అసలు ఎందుకు పుట్టాయన్న ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యరు. వేస్తే జవాబు కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది. అవి ముందుగా పేదవాళ్ళ కోసం పుట్టలేదు. పంట మిగిలిపోయిన రైతుల కోసం పుట్టాయి.

1930ల ఆర్థిక మాంద్యం సంగతి మనకి తెలిసిందే. ఒక పక్క పట్నాల్లో రొట్టె కోసం బారులు తీరిన జనం, ఇంకో పక్క పల్లెల్లో కొనే నాథుడు లేక కుళ్ళిపోతున్న పంట. ధరలు పెంచాలంటే సరుకు తగ్గించాలన్నది అప్పటి ప్రభుత్వం లెక్క. అంచేత 1933లో, అప్పటికే వేసేసిన పత్తిని సుమారు కోటి ఎకరాల్లో దున్నించేశారు. దాదాపు 60 లక్షల పంది పిల్లల్ని కొని చంపించారు. ఆ మాంసంలో కొంత పేదలకి పంచినా, చాలా భాగం ఎరువు కిందే పోయింది. దేశం ఆకలితో ఉంటే తిండిని మట్టిపాలు చేస్తారా అని జనం గగ్గోలు పెట్టారు. ఆ గగ్గోలు తట్టుకోలేక అదే ఏడాది చివర్లో ఒక సంస్థ పెట్టి, మిగులు సరుకు ప్రభుత్వమే కొని పేదలకి పంచడం మొదలుపెట్టింది.

ఈ పంపకం మన చౌకడిపో పద్ధతికి దగ్గరది. సరుకు ప్రభుత్వానిది, గిడ్డంగి ప్రభుత్వానిది, వరస ప్రభుత్వం ముందు. ఏది మిగిలితే అదే ఇస్తారు. ఒక నెల వెన్న, ఒక నెల ఎండు ద్రాక్ష. ఇంట్లో ఏం కావాలన్నది ఎవరూ అడగరు. పైగా కిరాణా వ్యాపారులకి కడుపు మంట, తమ బేరం పోతోందని.

అప్పుడు వచ్చింది స్టాంపుల ఆలోచన. 1939 మే 16న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ ఊళ్ళో మొదలుపెట్టారు. పథకం నడిపిన అధికారి పేరు మైలో పెర్కిన్స్. ఏర్పాటు ఏమిటంటే, సాయం మీద బతికే కుటుంబం తిండికి మామూలుగా ఎంత ఖర్చు పెడుతుందో అంత డబ్బు కట్టి నారింజ రంగు స్టాంపులు కొనుక్కోవాలి. ప్రతి డాలరు నారింజ స్టాంపులకీ అర డాలరు విలువైన నీలం స్టాంపులు ఉచితం. నారింజ స్టాంపుతో ఏ తిండి సరుకైనా కొనొచ్చు. నీలం స్టాంపుతో మాత్రం, ఆ నెల వ్యవసాయ శాఖ మిగులు అని ప్రకటించిన సరుకులే కొనాలి. కొనేది మాత్రం మామూలు కొట్లోనే, అందరితోపాటే నిలబడి.

ఈ ఏర్పాటులో తెలివి చూడండి. రైతుకి గిరాకీ, కొట్టువాడికి బేరం, పేదవాడికి ఒకటిన్నర రెట్ల తిండి. నారింజ స్టాంపు ఎందుకంటే, మామూలుగా తిండికి పెట్టే డబ్బు మిగుల్చుకుని వేరే దానికి వాడెయ్యకుండా. పేదవాడి మీద నమ్మకం లేకపోవడమూ, పేదవాడికి సాయమూ ఒకే పుస్తకంలో రెండు రంగుల్లో కుట్టేశారన్నమాట. ఈ రెండూ అప్పటి నుంచి ఇప్పటి దాకా విడిపోలేదు.

నాలుగేళ్ళలో సుమారు 2 కోట్ల మంది ఎప్పుడో ఒకప్పుడు ఈ స్టాంపులు వాడారు. 1943లో పథకం ఆపేశారు. ఆకలి తీరిపోయిందని కాదు, యుద్ధం వచ్చి మిగులు పంటా, నిరుద్యోగమూ రెండూ మాయమయ్యాయి గనక. మిగులు లేనప్పుడు స్టాంపుతో ప్రభుత్వానికి పనేముంది?

తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆ ఊసు లేదు. 1960లో ఎన్నికల ప్రచారానికి వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ప్రాంతం తిరిగిన జాన్ కెనడీ, గనులు మూతబడి కుటుంబాలు పంపకం సరుకుల మీద బతకడం కళ్ళారా చూశాడు. 1961 జనవరిలో పదవిలోకి వచ్చిన మర్నాడే, మొట్టమొదటి ఉత్తర్వుగా ఆ పంపకాన్ని పెంచమని సంతకం పెట్టాడు. మే నెలలో అదే వెస్ట్ వర్జీనియాలో స్టాంపులు మళ్ళీ ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. ఈసారి నీలం రంగు లేదు, మిగులు సరుకే కొనాలన్న షరతూ లేదు. కానీ ముందు డబ్బు కట్టి కొనుక్కోవాలన్న నియమం మాత్రం అలాగే ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1964 ఆగస్టు 31న జాన్సన్ సంతకంతో అది శాశ్వత చట్టమైంది. దీని వెనక ఏళ్ళ తరబడి పట్టు వదలకుండా పోరాడినావిడ మిస్సోరీ ప్రతినిధి లియొనోర్ సలివన్. పల్లె ప్రాంతాల సభ్యులకి ఈ చట్టం అక్కర్లేదు. పట్నం సభ్యులకి గోధుమ, పత్తి రైతుల రాయితీలు అక్కర్లేదు. చివరికి నువ్వు నా దానికి ఓటెయ్యి, నేను నీ దానికి ఓటేస్తాను అన్న బేరం కుదిరింది. 1973 నుంచి ఈ రెండూ వ్యవసాయ బిల్లు అనే ఒకే మూటలో వస్తున్నాయి. పేరుకి రైతుల బిల్లే గానీ, ఖర్చులో సుమారు నాలుగింట మూడొంతులు తిండి సాయానిదే.

ఇక్కడొకసారి మన వైపు తొంగి చూడాలి. ఎందుకంటే, ఇదే మిగులు పంట ఇంకో దారిలో మన ఊళ్ళకీ వచ్చింది. 1954లో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన పబ్లిక్ లా 480, మనవాళ్ళ నోట్లో నానిన పి.ఎల్. 480, అమెరికాలో మిగిలిన గోధుమల్ని డాలర్లు లేని దేశాలకి వాళ్ళ సొంత డబ్బుకే అమ్మే ఏర్పాటు. అందరికంటే ఎక్కువ పుచ్చుకున్నది మనమే. అరవైల్లో, డెబ్భైల్లో చదువుకున్నవాళ్ళని అడగండి, బళ్ళో కేర్ సంస్థ పంచిన పాలపొడి, పచ్చటి ఉప్మా గురించి చెబుతారు. వయ్యారిభామ కలుపు కూడా ఆ గోధుమలతోనే దిగిందని ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1965-67 కరువు రోజుల్లో ఇదే జాన్సన్ గారు గోధుమ ఓడల్ని గంపగుత్తగా కాక, కొంచెం కొంచెంగా, మన ప్రభుత్వం తీరు చూసి చూసి వదిలాడు. ఓడ నుంచి నోటికి బతుకు అని అప్పుడు మన దేశానికి పేరు పడింది. సొంత దేశంలో పేదలకి స్టాంపు ఇచ్చిన చెయ్యీ, మనకి గోధుమలు కొలిచి పోసిన చెయ్యీ ఒకటే. 1965లో మనం ఫుడ్ కార్పొరేషన్ పెట్టుకోవడానికీ, హరిత విప్లవానికి తొందరపడటానికీ ఆ రోజుల అవమానం కూడా ఒక కారణం.

ఆ గోధుమల పంపకానికి కెనడీ పెట్టిన 'ఫుడ్ ఫర్ పీస్' ఆఫీసుకి మొదటి అధిపతి జార్జ్ మెక్‌గవర్న్ అనే సౌత్ డకోటా మనిషి. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

ఇక మిసిసిపీ. అక్కడ పంపకం సరుకులు జిల్లా పాలకుల చేతిలో ఉండేవి. 1962-63 చలికాలంలో లెఫ్లోర్ కౌంటీలో నల్లవాళ్ళు ఓటు నమోదుకి వెళ్ళడం మొదలుపెడితే, అక్కడి పెద్దలు ఆ సరుకుల పంపకమే ఆపేశారు. వేల కుటుంబాలకి ఆ చలికాలం తిండి గింజలు అవే. బయట ఊళ్ళ నుంచి ఉద్యమకారులు లారీల్లోనూ, విమానంలోనూ తిండి తెచ్చి పంచాల్సి వచ్చింది. తిండి ఎవరి చేతి మీదుగా వస్తుందో వాళ్ళే ఓటు మీద కూడా పెత్తనం చేస్తారన్నదానికి ఇంతకంటే పచ్చి సాక్ష్యం ఉండదు.

తర్వాత స్టాంపులొచ్చాయి గదా, బాగుపడిందా అంటే, ఇంకో ముడి పడింది. కౌంటీలో స్టాంపులు మొదలైతే ఉచిత పంపకం ఆపెయ్యాలి. స్టాంపులు కావాలంటే నెలకి మనిషికి కనీసం 2 డాలర్లు కట్టాలి. సరిగ్గా అప్పుడే, పత్తి పొలాల్లోకి యంత్రాలూ కలుపు మందులూ వచ్చాయి. 1967లో పొలం కూలీలకి కూడా గంటకి డాలరు కనీస కూలి వర్తించేసరికి, భూస్వాములు కూలీల్ని మానిపించేశారు. ఆదాయం సున్నా. సున్నా ఆదాయం ఉన్న ఆరుగురి కుటుంబం నెలకి 12 డాలర్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత మనది గానీ, అది బతికిన చోటు మిసిసిపీ డెల్టా. అందరికంటే పేదవాళ్ళే పథకం బయట మిగిలారు.

1967 ఏప్రిల్‌లో సెనేటర్లు రాబర్ట్ కెనడీ, జోసెఫ్ క్లార్క్ అక్కడికి వెళ్ళారు. మేరియన్ రైట్ అనే కుర్ర లాయరు (ఈవిడే తర్వాత మేరియన్ రైట్ ఎడెల్మన్) జనం పస్తులుంటున్నారని విచారణలో సాక్ష్యం చెప్పింది. కెనడీ ఆ గుడిసెల్లోకి వెళ్ళి ఉబ్బిన పొట్టల పిల్లల్ని చూశాడు. మరుసటి ఏడాది సీబీఎస్ టీవీ 'హంగర్ ఇన్ అమెరికా' ప్రసారం చేసేసరికి, భారతదేశంలోనో ఆఫ్రికాలోనో ఉంటుందనుకున్న ఆకలి జనం ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. 1968లో సెనేటు పోషణ మీద ఒక ప్రత్యేక సంఘం వేసింది. దానికి అధ్యక్షుడు మెక్‌గవర్న్.

ఇక్కడ కథ పార్టీల గీతలు దాటుతుంది. రిపబ్లికన్ నిక్సన్ 1969లో ఆకలిని రూపుమాపాలని కాంగ్రెసుకి సందేశం పంపి, డిసెంబరులో శ్వేతభవనంలో సదస్సు పెట్టించాడు. ఆయన హయాంలోనే స్టాంపులు ఊహించనంతగా పెరిగాయి. 1974 జులై కల్లా దేశమంతా అమల్లోకి వచ్చాయి. మెక్‌గవర్న్ 1972లో ఇదే నిక్సన్ చేతిలో చిత్తుగా ఓడిపోయి, మళ్ళీ వచ్చి తన సంఘంలో కూర్చున్నాడు. ఆయన పక్కన పనిచేసింది కాన్సస్ రిపబ్లికన్ బాబ్ డోల్. ఆ ఎన్నికల నాటికి ఎదుటి పార్టీకి జాతీయ అధ్యక్షుడు ఈయనే! ఇద్దరివీ గోధుమ రాష్ట్రాలు. ఈ ఇద్దరూ పట్టుబట్టి 1977 చట్టంలో ఆ కొనుక్కోవాలన్న నియమం తీసేయించారు. 1979 జనవరి నుంచి డబ్బు కట్టకుండానే స్టాంపులు ఇచ్చారు. ఆ ఒక్క నెలలోనే 15 లక్షల మంది కొత్తగా చేరారు.

ఈ 15 లక్షల అంకె దగ్గర కాసేపు ఆగాలి. వీళ్ళు ఆ నెలలో కొత్తగా పేదలైనవాళ్ళు కాదు. అంతకు ముందు నెల కూడా అంతే పేదవాళ్ళు. స్టాంపు కొనే డబ్బు లేక బయట ఉన్నారంతే. పేదవాడు సొంత డబ్బు కొంతైనా పెట్టాలి, అప్పుడే విలువ తెలుస్తుంది అన్న మాట వినడానికి సమంజసంగా ఉంటుంది. విందుల్లో నేనూ చాలాసార్లు విన్నాను. ఆ మాటకి నలభై ఏళ్ళు అమెరికా కట్టిన ఖరీదు ఆ 15 లక్షల మంది.

మనలో చాలామంది ఏదో ఒక రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టులో పనిచేసినవాళ్ళే. ఆ ఎలిజిబిలిటీ రూల్సు స్పెసిఫికేషన్లో చదువుతుంటే చాదస్తంగా కనిపిస్తాయి. కానీ ప్రతి షరతు వెనకా ఒక సంవత్సరమూ, ఒక తగాదా ఉన్నాయి. ఉదాహరణకి, కుటుంబం అంటే ఎవరు? 1971లో, హిప్పీల మీద కోపంతో, బంధువులు కానివాళ్ళు కలిసి ఉంటే సాయం లేదని చట్టం మార్చారు. దెబ్బ తగిలింది మాత్రం అద్దె కట్టలేక ఇంకొకరితో కలిసి ఉంటున్న పేద ఆడవాళ్ళకి. 1973లో మొరేనో కేసులో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. గిట్టని గుంపుని బాధ పెట్టడమే చట్టానికి కారణం కాకూడదని తేల్చింది. ఇప్పుడు స్థూలంగా నియమం ఏమిటంటే, కలిసి కొనుక్కుని కలిసి వండుకునేవాళ్ళు ఒక కుటుంబం. భార్యాభర్తలూ, తల్లిదండ్రులతో ఉంటున్న 22 ఏళ్ళ లోపు పిల్లలూ ఎలాగూ ఒకటే లెక్క. మిగతావాళ్ళు వేరు కుంపటి పెట్టుకుంటే వేరు కుటుంబం. మన అమ్మమ్మలు చెప్పే నిర్వచనమే!

సాయం లెక్క కూడా సులువైనదే. అద్దె, పిల్లల సంరక్షణ లాంటి కొన్ని ఖర్చులు తీసేశాక మిగిలిన ఆదాయంలో 30 శాతం తిండికి మీరే పెట్టుకుంటారని అనుకుంటారు. గరిష్ఠ మొత్తంలోంచి అది తీసేసి మిగతాది ఇస్తారు. 2025 అక్టోబరుతో మొదలైన సంవత్సరానికి నలుగురి కుటుంబానికి గరిష్ఠం నెలకి 994 డాలర్లు. నికర ఆదాయం 1,000 డాలర్లయితే అందులో 300 తీసి, 694 ఇస్తారు. ఆ గరిష్ఠ మొత్తం వ్యవసాయ శాఖ లెక్కగట్టే పొదుపు వంట ప్రణాళిక నుంచి వస్తుంది. అన్నట్టు, అమెరికా దారిద్ర్య రేఖ కూడా వంటింట్లోనే పుట్టింది. మోలీ ఓర్షాన్‌స్కీ అనే ప్రభుత్వోద్యోగిని 1960ల మొదట్లో, అతి పొదుపు తిండి ఖర్చుని మూడుతో గుణించి ఆ గీత గీసింది. అప్పటి కుటుంబాలు ఆదాయంలో మూడో వంతు తిండికి పెట్టేవి గనక మూడు.

కాగితం స్టాంపుల రోజుల్లో కొట్లో పుస్తకం తీసి చింపి ఇస్తుంటే వెనక వరసంతా చూసేది. 1984లో పెన్సిల్వేనియాలోని రీడింగ్ ఊళ్ళో కార్డు పద్ధతి ప్రయోగం మొదలై, 2004 కల్లా దేశమంతా కార్డులొచ్చాయి. ప్రభుత్వం చూసుకున్నది దొంగ అమ్మకాలు ఆపడం, ఖర్చు తగ్గించడం. కానీ వాడేవాళ్ళకి దక్కింది ఇంకొకటి. ఆ కార్డు పక్కవాడి డెబిట్ కార్డులాగే ఉంటుంది. ఇప్పుడు చాలా దేశీ కొట్లలో కూడా ఆ ఈబీటీ బోర్డు కనిపిస్తుంది, కందిపప్పు, సోనామసూరి దానితో కొనొచ్చు. మద్యం, సిగరెట్లు, సబ్బు, పిల్లల డైపర్లు కొనకూడదు. కొట్లో వేడి వేడిగా అమ్మే వంటకాలూ మామూలుగా కుదరవు. కానీ పెరట్లో నాటుకోవడానికి కూరగాయల విత్తనాలు కొనొచ్చు. ఈ నియమం 1973 నుంచీ ఉంది. చాలామంది వాడరు గానీ, నాకు మొత్తం చట్టంలో నచ్చిన వాక్యం అదే.

మనకి నేరుగా తగిలే ముక్క 1996ది. క్లింటన్ సంతకం పెట్టిన సంక్షేమ సంస్కరణల చట్టం, చట్టబద్ధంగా వచ్చిన వలసదారుల్లో ఎక్కువమందికి స్టాంపులు తీసేసింది. 1998లోనూ, 2002లోనూ కొంత కొంత తిరిగి ఇచ్చారు. గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవాళ్ళు మామూలుగా ఐదేళ్ళు ఆగాలి, పిల్లలకి ఆ గడువు లేదు. హెచ్1 మీద ఉన్నవాళ్ళకి అసలే లేదు, టాక్సు మాత్రం ఉంది. 2019లో ఈ సాయం పుచ్చుకోవడాన్ని గ్రీన్ కార్డు దరఖాస్తులో లెక్కలోకి తీసుకునే నియమం తెస్తే, అర్హత ఉన్న పిల్లల పేర్లు కూడా తల్లిదండ్రులు భయపడి తీయించేశారు. 2021లో ఆ నియమం రద్దయింది. భయం మాత్రం అంత త్వరగా రద్దు కాదు.

2008 అక్టోబరులో పథకం పేరు స్నాప్ అని మార్చారు, జనం నోట్లో ఇంకా ఫుడ్ స్టాంపులే. 2013లో మాంద్యం తాకిడికి నెలకి సగటున 4.7 కోట్ల మంది దాటారు. 2024లో 4.17 కోట్లు, అంటే ఎనిమిది మందిలో ఒకరు. మనిషికి సగటున నెలకి సుమారు 187 డాలర్లు, రోజుకి ఆరు. 2025 జులై చట్టం పని నియమాన్ని 64 ఏళ్ళ దాకా పెంచింది, శరణార్థుల్లో చాలామందిని తీసేసింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం మూతబడితే, నవంబరు సాయం చాలామందికి సమయానికి పడలేదు.

1983లో ఎన్.టి. రామారావు గారు రెండు రూపాయలకి కిలో బియ్యం మొదలుపెట్టినప్పుడు కూడా ఖజానా దివాలా తీస్తుందనీ, జనం సోమరులవుతారనీ అన్నారు. రోచెస్టర్ నుంచి రేషను షాపు దాకా అవే మాటలు. మన పద్ధతి సరుకు చేతిలో పెడుతుంది, ఇక్కడి పద్ధతి కొనే శక్తి చేతిలో పెడుతుంది. రెండింటికీ లాభనష్టాలున్నాయి. కానీ ఈ ఎనభై ఏళ్ళ పై చిలుకు చరిత్రలో నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. పథకం దెబ్బతిన్న ప్రతిసారీ, అర్హత లేనివాడు ఒకడు తింటాడేమోనన్న భయంతో పెట్టిన నియమం అర్హత ఉన్నవాణ్ణి పస్తు పెట్టింది. బాగుపడిన ప్రతిసారీ, ఎవరో ఒకరు రాజధాని వదిలి ఆ ఇంటి దాకా వెళ్ళి, పొయ్యి మీద ఏముందో చూసి వచ్చారు.

మెక్‌గవర్న్, డోల్ ఇద్దరూ ముసలితనంలో కూడా కలిసే పనిచేశారు. పేద దేశాల బడి పిల్లలకి భోజనం పెట్టే పథకం ఒకటి 2002 నుంచి వాళ్ళిద్దరి పేరు మీద నడుస్తోంది. ఒకాయన అధ్యక్ష పదవికి 1972లో ఓడాడు, ఒకాయన 1996లో ఓడాడు. గెలిచినవాళ్ళు చేసిన పనుల్లో చాలావాటికంటే, ఓడిన ఈ ఇద్దరూ ఆ కొనుక్కోవాలన్న నియమం తీయించడమే ఎక్కువమంది కడుపు నింపింది. ఈసారి విందులో మాట టాక్సుల మీదికి మళ్ళితే ఈ కథ చెప్పి చూడండి. క్రికెట్టు ఎక్కడికీ పోదు.